మా వాదనల్లో పాట విన్న మాస్టారు

గత మంగళవారం ఉదయం సోమాజిగూడలో మా పత్రిక కార్యాలయంలో వార్తలు దిద్దుకుంటున్న వేళ నర్సింగ్ ఫోన్ చేశాడు. సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే నర్సింగ్ డ్యూటీలో ఉండగా ఎవరికీ ఫోన్ చేయడు. "అక్కా, సార్ పోయిండు. పొద్దుగాల టిఫిన్ తిని కుర్చీల కూసున్నడట. గట్లనే పోయిండు" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న వార్తను ఆఖరి వాక్యం దాకా దిద్ది పంపాను కూడా. అందులో ఏముందో ఇప్పుడడిగితే చెప్పలేను. ఆ తర్వాతే లేచి, ఎవరికీ చెప్పకుండా, ఎండలో పంజాగుట్టలోని మాస్టారి ఇంటి దాకా నడిచి వెళ్లాను. దేవసహాయం మాస్టారు ఇక లేరన్న సత్యాన్ని ఈ అక్షరాలు రాస్తున్న క్షణానికి కూడా నా మనసు అంగీకరించడం లేదు.

కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటలో వచ్చి దిగిన రెండు తరాల పిల్లలకు ఆయన డేటాబేస్ గురువు. కుర్చీలు చాలక గుమ్మం దగ్గర కూడా విద్యార్థులు నిలబడే ఆ హాల్లో మైకు లేకుండా, గొంతు పెంచకుండా, చివరి వరుసకు సైతం స్పష్టంగా వినిపించేలా పాఠం చెప్పగలిగిన వాగ్మి. ఆదివారం ఉదయం తమ చర్చి సంఘంలో ఆర్గన్ వాయించే భక్తుడు. అదే ఆదివారం మధ్యాహ్నానికి ఆయన ప్రోగ్రెసివ్ మెటల్ రసికుడు. గిటార్లు గర్జిస్తూ, నడక మధ్యలో తాళం మారిపోతూ, ఒక్కో పాట పావుగంట సాగే ఆ సంగీతాన్ని కీర్తనలంత శ్రద్ధగా వినేవారు. గురువునూ భక్తుణ్ణీ ఎరిగినవారు వేలల్లో ఉన్నారు. రసికుణ్ణి ఎరిగినవాళ్లం కొద్దిమందిమే. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను భీమవరం నుంచి వచ్చి లేడీస్ హాస్టల్లో ఉంటూ ఆయన క్లాసులో చేరాను. ఒకరోజు పాఠం మొదలైన సంగతి గమనించక ఇయర్‌ఫోన్లు పెట్టుకునే కూర్చున్నాను. తలెత్తేసరికి ఆయన నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఒక ఇయర్‌ఫోన్ అడిగి తీసుకుని చెవిలో పెట్టుకున్నారు. అది "నిలువుటద్దం" బృందం వారి "సున్నపురాయి" ఆల్బం. మన నగరానికే చెందిన ఐదుగురు కుర్రాళ్లు చేసిన ఒకే ఒక్క ఆల్బం అది. ఆ తర్వాత ఎవరి ఉద్యోగాలకు వాళ్లు వెళ్లిపోయారు. మాస్టారు నన్ను బయటికి పంపుతారనే అనుకున్నాను. ఆయన మాత్రం అర నిమిషం విని, "ఏమ్మా, ఈ ఐదుగురిలో నువ్వు ఎవర్ని వింటున్నావు?" అని అడిగారు. పాటను వింటున్నానన్నాను. "పాటను అందరూ వింటారు. మనిషిని వినడం నేర్చుకో. ఆదివారం మా ఇంటికి రా" అన్నారు. తర్వాత ఇయర్‌ఫోన్ తిరిగిచ్చి పాఠం కొనసాగించారు.

పంజాగుట్టలో ఆయన ఇంటి పైగదిలో రెండు పెద్ద స్పీకర్ల ఎదుట ఆ ఆదివారం నాకు నర్సింగ్, ఫణి పరిచయమయ్యారు. ఫణి బేగంపేటలో బ్యాంకు అధికారి, గిటారిస్టు పక్షం. నర్సింగ్ డ్రమ్మర్ పక్షం. నేను వెళ్లీ వెళ్లగానే గాయకుడి జెండా ఎత్తాను. మాస్టారిది కీబోర్డు. "సున్నపురాయి"లో అందరికంటే ఎక్కువ మెరిసినవాడెవరు అన్నది అప్పటికే రెండేళ్లుగా నలుగుతున్న వివాదం. ఆయన సతీమణి గ్రేస్‌మణిగారు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చిపెట్టి, ఇంకా తేల్లేదా అని అడిగి కిందికి వెళ్లిపోయేవారు.

ఆ గదిలో మాస్టారిది ఒకటే నిబంధన. మనం మెచ్చే వాద్యకారుడి గురించి మాట్లాడే ముందు ఎదుటివాడు మెచ్చే వాద్యకారుడి గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, ఆ మాట నిజమేనని ఎదుటివాడు ఒప్పుకోవాలి. మొదట్లో అది నాకు పిల్లల ఆటలా తోచింది. డ్రమ్ముల గురించి నేను చెప్పిన మాటను నర్సింగ్ ఒప్పుకోవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ నేను డ్రమ్ములు తప్ప మరేమీ వినలేదు. "మెచ్చుకోవడం కూడా విద్యేనమ్మా. కూర్చుని నేర్చుకుంటే గానీ రాదు" అనేవారు ఆయన.

ఒకసారి మాటా మాటా పెరిగి ఫణి నోరు జారాడు. రోజంతా మిషన్ల రొదలో ఉండేవాళ్లకు డ్రమ్ముల మోత సంగీతంలాగే ఉంటుందిలే అన్నాడు. నర్సింగ్ చాయ్ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాతి రెండు ఆదివారాలు రాలేదు. మూడో వారం మధ్యలో మాస్టారు తన స్కూటర్ వెనక ఫణిని కూర్చోబెట్టుకుని సనత్‌నగర్ వెళ్లారు. అక్కడ జరిగింది నాకు ఫణే చెప్పాడు. మాస్టారు క్షమాపణ మాటే ఎత్తలేదట. వర్క్‌షాపులో నిలబడి, ఇన్ని మిషన్ల మధ్య నీ మిషన్ చప్పుడు నీకెలా తెలుస్తుందని నర్సింగ్‌ను అడిగారట. నర్సింగ్ కళ్లు మూసుకుని, ఏ మిషన్ మీద ఏ పని నడుస్తోందో, ఎక్కడ టూల్ మొద్దుబారిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. ఫణి వెళ్లి చూస్తే ప్రతి ఒక్కటీ నిజం. "నేను ఆరేళ్లుగా గిటార్ వింటున్నాననుకున్నాను. నర్సింగ్ విన్నంతలో నాలుగో వంతు కూడా వినలేదు" అన్నాడు ఫణి నాతో. ఆ ఆదివారం నర్సింగ్ పక్కన కూర్చున్నది ఫణే. వాళ్లిద్దరూ ఇప్పటికీ ఆప్తమిత్రులు.

ఆయనలో లోపాలు లేవని నేననను. ఆలస్యంగా వచ్చినవాళ్లను పాట పూర్తయ్యేదాకా మెట్ల మీదే నిలబెట్టేవారు. మా గాయకుడి గొంతులోని ఆ అరుపు ఒక కళ అని ఎన్ని విధాల నిరూపించినా ఒప్పుకునేవారు కాదు. ఆ కుర్రాడికి ఎవరైనా మిరియాల కషాయం పట్టిస్తే బాగుండునని చివరి వరకూ వాదించారు. మొండితనంలో ఆయనకు సాటి ఆయనే. ఆ మొండితనమే ఒక దుఃఖాన్ని కూడా మా దగ్గర చాలాకాలం దాచింది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మాస్టారు ఉన్నట్టుండి కీబోర్డును విడిచి బేస్ గిటార్ పక్షం చేరారు. ఆల్బం మొత్తాన్ని భుజాల మీద మోస్తున్నవాడు అతనేనన్నారు. మేం ఆయన్ని ఊరికే వదల్లేదు. "గిట్ల పార్టీ మారుస్తె ఎట్ల సార్" అని నర్సింగ్ నెలరోజులు ఆటపట్టించాడు. ఆయన నవ్వి ఊరుకునేవారు. అదే రోజుల్లో సంఘంలో ఆర్గన్ వాయించడం కూడా మానేశారు. వేళ్ల నొప్పులన్నారు, నమ్మాం.

ఒకనాడు నేను అందరికంటే ముందే వెళ్లాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. స్పీకర్లలో ఆల్బం చివరి పాట "ఊట" మోగుతోంది. నన్ను చూసి పాట ఆపలేదు. పక్కన కూర్చోమని, చాలా మామూలుగా అడిగారు.

"ఇక్కడ కీబోర్డు ఏం చేస్తోందో నాకు చెప్పమ్మా."

పరీక్ష పెడుతున్నారనుకుని, గిటార్ వదిలేసిన చోట అందుకుని పైకి ఎక్కుతోందన్నాను. ఎలా ఎక్కుతోంది, ఒక్కో మెట్టా, రెండేసి మెట్లా అని మళ్లీ అడిగారు. అప్పుడు ఆయన ముఖంలోకి చూశాను. అది పరీక్ష కాదు. రెండేళ్లుగా ఎత్తు స్వరాలు వినిపించడం మానేశాయని, వైద్యులు ఇక తిరిగిరావన్నారని చెప్పారు. "కింది స్వరాలు మిగిలాయి. ఆ బేస్ కుర్రాడొక్కడే నన్నింకా విడిచిపెట్టలేదు. మిగతా వాళ్లను మీరు పోట్లాడుకుంటుంటే వింటున్నాను" అన్నారు.

అందరికీ చెబుదామన్నాను. చెబితే జాలిపడతారు, జాలిపడితే వాదించడం మానేస్తారు, అప్పుడు నాకు ఏమీ మిగలదు అన్నారు. నేను ఆరు నెలలు ఆ రహస్యం మోశాను. చివరికి దాన్ని నర్సింగే పట్టుకున్నాడు. మిషన్ చప్పుడులో తేడాను గుర్తుపట్టే ఆ చెవులు మాస్టారి మౌనంలోనూ తేడాను గుర్తుపట్టాయి. ఒకరోజు స్పీకర్ నుంచి సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చి మేమంతా చెవులు మూసుకుంటే ఆయన కదల్లేదు. నర్సింగ్ లేచి దాన్ని సరిచేసి, ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుని మెల్లగా అన్నాడు. "సార్, మీకు పై సప్పుడు వినవడుతలేదు గదా. జర మాకు చెప్తె ఏమైతుండె?"

అవును నర్సింగ్, అన్నారు మాస్టారు.

ఆయన భయపడినట్టు మేం వాదించడం మానలేదు. వాదించే తీరు మాత్రం మారింది. అదిరింది, ఇరగదీశాడు అనే మాటలు ఆ గదిలో చెల్లలేదు. ఏం జరిగిందో, ఏ స్వరం వెనక ఏది వచ్చిందో, ఎంతసేపు నిలిచిందో చెప్పాలి. గిటార్ తప్ప మరో వాద్యం పేరెత్తని ఫణి కీబోర్డు బాణీలను నోట్‌బుక్‌లో రాసుకొచ్చి వినిపించేవాడు. మాస్టారు కళ్లు మూసుకుని వినేవారు. సరిగ్గా కుదిరిన చోట, "ఆఁ, ఇప్పుడు వచ్చింది" అనేవారు. రాకపోతే మళ్లీ చెప్పించుకునేవారు. నేను పత్రికలో రాసే నాలుగు వాక్యాలు ఎవరికైనా కళ్లకు కట్టినట్టు ఉంటే, ఆ విద్య నాకు ఆ గదిలో అబ్బింది.

నిరుడు నర్సింగ్ ఎక్కడెక్కడో విచారించి ఆ బేస్ గిటారిస్టును వెతికి పట్టుకున్నాడు. బేగంపేటలోనే ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. నలభై దాటిన మితభాషి. వచ్చి బిడియంగా కుర్చీ అంచున కూర్చున్నాడు. మాస్టారు ఒక గంటసేపు అతనికి అతని వాద్యాన్నే వర్ణించి చెప్పారు. రెండో పాటలో అతను ఎక్కడ ఒక స్వరాన్ని కావాలని ఆలస్యం చేశాడో, ఆ ఆలస్యం వల్ల డ్రమ్ములకు ఎంత చోటు దొరికిందో కూడా చెప్పారు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కరైనా గమనిస్తారని అనుకోలేదండీ అని అతను కళ్లు తుడుచుకున్నాడు. ఇంతకీ ఆల్బంలో అందరికంటే ఎక్కువ మెరిసిందెవరని ఫణి అడిగితే, అతను ఏ మాత్రం తడుముకోకుండా కీబోర్డు అన్నాడు. మాస్టారు అంత హాయిగా నవ్వడం నేను మరెప్పుడూ చూడలేదు.

బుధవారం సాయంత్రం సమాధి కార్యక్రమం జరిగింది. అమీర్‌పేట పిల్లలు, సంఘస్థులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత విద్యార్థులతో ఆ ఆవరణ నిండిపోయింది. ప్రార్థన ముగిశాక పాస్టరుగారు శిష్యుల పక్షాన ఒకరు సాక్ష్యం, అంటే ఆయన గురించి నాలుగు మాటలు, చెప్పాలన్నారు. మాస్టారి కుమార్తె కెజియా ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లతో మా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది.

"మీలో నాన్నకి అందరికంటే ఎక్కువ ఇష్టమైనవాళ్లు ఎవరో వాళ్లు మాట్లాడండి."

ఫణి, నర్సింగ్, నేను, ముగ్గురం ఒకేసారి అడుగు ముందుకు వేశాం. వేసి ఆగిపోయాం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్లుగా ప్రతి ఒక్కరం ఆ స్థానం తనదేనని నిశ్చయంగా నమ్ముతూ వచ్చామని అప్పుడు తెలిసింది. మా వెనక నిలబడిన పాత విద్యార్థుల్లోంచి కూడా ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి, మమ్మల్ని చూసి సంకోచించి నిలిచిపోయారు. ఒక మనిషి తన జీవితకాలంలో ఇంతమందికి, నిన్నే వింటున్నానన్న నమ్మకాన్ని ఇవ్వగలగడం ఎంత అరుదో అక్కడ నిలబడి ఉండగా గ్రహించాను. అలా వినేవారు మాకు ఇక దొరకరు. ఆ మహనీయుడి స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ సాయంత్రం మాత్రం మాలో ఎవరూ వాదించలేదు. అందరం కలిసే వెళ్లి, ఆయన శవపేటిక పక్కన వరుసగా నిలబడ్డాం.