మూత తెరవని డబ్బా

మా ప్రొఫెసర్ మీద నేను నెల రోజులు పగబట్టాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ నెలంతా పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లగానే ముందు ఆయన మాత్రల డబ్బా సంగతే చూసేదాన్ని. మూత తెరుచుకోలేదని తెలిస్తే ఆ పూట క్యాంటీన్ టీ కూడా రుచిగా ఉండేది.

మాది ఫరీదాబాద్ వైపు ఒక కాలేజీ. ఆరోగ్యానికి పనికొచ్చే ఫోన్ యాప్‌లూ, చిన్న చిన్న పరికరాలూ ఎలా ఉంటే మనుషులు వాడతారో తేల్చడం మా ల్యాబ్ పని. నేను పిహెచ్‌డి విద్యార్థిని. అప్పట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ల కోసం ఒక మాత్రల డబ్బా, దానికి జతగా ఒక యాప్ తయారుచేశాం. మాత్ర వేళకి ఫోన్ మోగుతుంది. వేసుకుని బటన్ నొక్కితే పచ్చ గుర్తు. నొక్కకపోతే ఎర్ర గుర్తు, పైగా ఇంట్లోవాళ్లలో ఒకరికి మెసేజ్. డబ్బా మూత ఎప్పుడు తెరిచారో విడిగా మా కంప్యూటర్లో నమోదవుతుంది.

తెలుగు వచ్చు కదా అని నన్ను రాజధానిలో తెలుగు ఉద్యోగులుండే సరోజినీ నగర్ క్వార్టర్స్‌కి పంపారు. అక్కడ పరిచయమైంది ఆంటీ. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా టపా రిజిస్టర్ రాస్తోంది. రిటైర్మెంట్‌కి ఇంకా మూడేళ్లుంది. భర్త పోయాడు. కొడుకు అదే ఊళ్లో అవతలి కొసన ద్వారకలో ఉంటాడు, తల్లి యాప్ మెసేజ్‌లు వెళ్లేది అతనికే.

ఆంటీకి శనివారం ఒంటిపూట. మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. తినని పూట షుగరు మాత్ర వేసుకోవద్దని డాక్టరే చెప్పాడు. ఏళ్ల తరబడి అలాగే, ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. మా యాప్‌కి శనివారం సంగతి తెలియదు. ప్రతి శనివారం పొద్దున్నే ఎర్ర గుర్తు, ఆ వెంటనే కొడుకు ఫోన్.

"మమ్మీ, ఆప్ ఫిర్ భూల్ గయీ?"

"మర్చిపోలేదురా, ఇవాళ శనివారం" అని ఆవిడ తెలుగులో చెబితే అతను హిందీలో ఇంకో అరగంట క్లాసు పీకేవాడు.

ఉపవాసం రోజని నొక్కడానికి ఒక బటన్ పెడదాం సార్ అని ప్రొఫెసర్‌కి రెండుసార్లు చెప్పాను. ఒక్క మనిషి కోసం డిజైన్ మార్చం అన్నాడు. ఈ ఊళ్లో ఏదో ఒక వారం ఉపవాసం లేని ఇల్లు చూపించండి అన్నాను. ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

పక్క క్వార్టర్ ఆవిడ మాత్ర వేసుకోకుండానే నొక్కేసి హాయిగా ఉంది. మీరూ అలాగే చెయ్యండి ఆంటీ అన్నాను, పరిశోధన చేసే దాన్నై ఉండి.

"రాని కాగితం వచ్చిందని రిజిస్టర్లో ఒక్కనాడూ ఎక్కించలేదమ్మా. వేసుకోని మాత్ర వేసుకున్నానని ఎలా నొక్కను?" అంది.

కొడుకు పోరు పడలేక ఒక శనివారం ఖాళీ కడుపున మాత్ర వేసుకుంది. నిజాయితీగా బటన్ నొక్కింది. కూరగాయలకని వెళ్లి మార్కెట్లో కళ్లు తిరిగి పడిపోయింది. దుకాణం భయ్యా ఎవరో చక్కెర నీళ్లు పట్టించాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

మా ప్రొఫెసర్ దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. 'వాడిన మనిషి పొరపాటు' అని రిపోర్టులో రాసి, కాపీ ఒకటి కొడుక్కి పంపాడు. కొడుకు ఆ కాగితం పట్టుకుని తల్లి దగ్గర కూర్చున్నాడు. మాత్రలు కూడా సరిగ్గా వేసుకోలేనిదానివి ఒక్కదానివే ఎలా ఉంటావు, ఉద్యోగానికి రాజీనామా రాసి ద్వారక వచ్చెయ్యమన్నాడు. వచ్చే నెలాఖరు దాకా గడువిచ్చాడు.

ఆంటీ నాకు ఫోన్ చేసింది. "అచ్ఛా, నేను చేసిన తప్పేంటో నువ్వు చెప్పమ్మా. తప్పయితే రాజీనామా రాసేస్తాను, ఠీక్ హై."

నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లి ఆ వాక్యం తీసెయ్యమని అడిగాను. "డోంట్ బీ ఎమోషనల్" అని తలుపు వైపు చూపించాడు. ఒళ్లు మండిపోయింది. నీ సంగతి చూస్తాను అని మనసులో గట్టిగానే అనుకున్నాను.

జనానికి ఇచ్చేది మనమూ నెల రోజులు వాడాలని ల్యాబ్‌లో నియమం. ఆ నెల ప్రొఫెసర్ వంతు. ఆయనకి బీపీ. తన మాత్రలన్నీ డబ్బాలో పోసి టేబుల్ మీద పెట్టుకున్నాడు, ఇంట్లో ఇంక లేవు, ఇవే అని నాతోనే అన్నాడు. ఫోన్ మోగేది, ఆయన చూడకుండానే నొక్కేవాడు. మూత మాత్రం తెరిచేవాడు కాదు. కంప్యూటర్లో ఆ వివరాలు చూసే పని ఆయనే నాకు అప్పగించాడు. నేను రోజూ చూశాను, నోరు మెదపలేదు.

నెలాఖరుకి బయటి నుంచి కమిటీ వచ్చింది. ఆయన గర్వంగా తన చార్టే తెర మీద వేయించాడు. నెలంతా పచ్చ. వెంటనే నేను రెండో పేజీ తెరిచాను.

"ఇది సార్ డబ్బా మూత తెరిచిన వివరం. నెలలో ఒక్కసారీ తెరవలేదు. దీన్ని కూడా వాడిన మనిషి పొరపాటు అని రాయమంటారా సార్?"

ఆయన ముఖంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. నేను అక్కడితో వదలలేదు. ఆంటీ చార్టు వేశాను. మూత తెరిచిన నిమిషం, బటన్ నొక్కిన నిమిషం ఒక్కటే. మనం చెప్పినట్టు చేసింది కాబట్టే పడిపోయింది అన్నాను. కమిటీలో పెద్దావిడ ఆ వాక్యం అక్కడికక్కడే కొట్టించి, తప్పు యాప్‌దని రాయించింది. తిక్క కుదిరింది అనుకున్నాను. అంత సంతోషం నాకు పిహెచ్‌డి వచ్చిన రోజున కూడా కలగలేదు.

ఆదివారం ఆ కాగితం తీసుకుని సరోజినీ నగర్ వెళ్లాను. కొడుకు తనకి వచ్చిన కాపీ అప్పటికే చదివి, రాజీనామా మాట ఇంక ఎత్తనన్నాడట. ఆంటీ పెసరట్టు వేసి పెట్టింది. ప్రొఫెసర్ ముఖం ఎలా మాడిపోయిందో అభినయం చేసి మరీ చూపించాను. ఆవిడ కడుపుబ్బ నవ్వింది. నవ్వి, అట్లకాడ పక్కన పెట్టి అడిగింది.

"ఆయనకి బీపీ నిజంగానే ఉందా?"

"ఉంది ఆంటీ, చాలా ఎక్కువ."

"నెల రోజులూ మాత్ర వేసుకోవట్లేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఒక్కరోజైనా చెప్పావా?"

లేదన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు, ఇంకో అట్టు వేసింది. నేను తల వంచుకుని తిన్నాను. ఆయన కూడా ఎక్కడో ఒకచోట పడిపోతే నా మాటకి ఇంకా బలం వస్తుందని ఆ నెలలో ఒక పూట అనుకున్నాను. ఆ మాట ఆంటీకి చెప్పలేదు.