లిండా ఆంటీ పక్కన కొట్టిన చప్పట్లు

మా చిన్నప్పుడు... ఒషావా అనే ఊళ్లో పక్కింటి కైల్ అన్న వాళ్ల గ్యారేజ్ తలుపుకేసి బేస్‌బాల్ విసురుతుంటే, ఆ చప్పుడుకి అమ్మ చేతిలో టీ ఒలికేది. "వీడు ఏదో ఒకరోజు ఆ ఇల్లు కూలుస్తాడు చూడు" అని తిట్టుకునేది... మళ్లీ తనే మూకుడు పెట్టి పకోడీలు వేసి పంపేది!

ఆ కైల్ అన్న పెద్ద లీగ్‌కి సెలెక్ట్ అయ్యాడు. పిచ్చర్... అంటే మన బౌలర్ లాంటివాడు. వీధంతా పండగే. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా పేర్ల తర్వాత అమ్మ అతని పేరు కూడా చేర్చేసింది.

ఏం లాభం... మొదటి నాలుగు మ్యాచ్‌ల్లోనూ చితక్కొట్టేశారు పాపం. ఐదోది కూడా పోతే మళ్లీ చిన్న లీగ్‌కి పంపేస్తారని వాళ్లమ్మ లిండా ఆంటీ మా వంటింట్లో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. స్పోర్ట్స్ ఛానెల్ మా ఇంట్లోనే ఉండేది, నాన్న క్రికెట్ కోసం పెట్టించుకున్నారు. చర్చి నుంచి రాగానే ఆంటీని పిలిచాం. సోఫాలో నా పక్కనే కూర్చుంది. ఒళ్లో పకోడీల ప్లేటు... ఒక్కటీ ముట్టుకోలేదు.

మా ఇంట్లో ఒక అలవాటుండేది. బంతి గాల్లో లేచి జనంలో పడితే చాలు, నాన్న అంపైర్‌లా రెండు చేతులూ ఎత్తాలి, నేను సోఫా మీద ఎగరాలి. కొట్టింది ఏ టీమో ఎవరు చూశారు!

కైల్ అన్న విసిరాడు. అవతలివాడు కొట్టాడు. బంతి వెళ్లి జనంలో పడింది.

"సిక్సర్!" అని ఎగిరి చప్పట్లు కొట్టేశాను. నాన్న చేతులు కూడా లేచాయి... సగంలో ఆగిపోయాయి. అమ్మ "ఒసేయ్!" అంది, అంతే.

టీవీలో కోచ్ వచ్చి కైల్ అన్న చేతిలోంచి బంతి తీసేసుకున్నాడు... అంటే ఇక ఆట నుంచి తప్పించినట్టే. అతను తల దించుకుని వెళ్లిపోయాడు. లిండా ఆంటీ నా వీపు నిమిరి "ఇట్స్ ఓకే, హనీ" అంది. తిట్టినా బాగుండేది... ఆ సాయంత్రం ప్రార్థనలో అమ్మ అతని పేరు చెప్తే, ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.

పెద్ద లీగ్ వాళ్లు మళ్లీ అతన్ని పిలవలేదు. చిన్న లీగ్‌లోనే ఆడి, రెండేళ్లకి భుజం పాడై ఇంటికొచ్చేశాడు. ఈలోగా మేం కనాటా అనే వేరే ఊరికి మారిపోయాం. ఆంటీకి సారీ చెప్పనే లేదు.

పోయిన నవంబర్లో ఒషావా వెళ్తే ఒక టైర్ల షాపులో కనిపించాడు. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"మా అమ్మ పోయేదాకా చెప్తూనే ఉండేది... పెద్ద లీగ్‌లో నా చివరి మ్యాచ్ రోజు మీ ఇంట్లో నాకోసం చప్పట్లు కొట్టారట కదా. ఆ రోజు నాకు చప్పట్లు కొట్టింది మీరొక్కరే."

"అవును, కొట్టాం" అన్నాను. తర్వాత కార్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లం మ్యాచ్ చూసుకుంటున్నాం... పక్కింటి ఆంటీ వచ్చి మన సోఫాలో కూర్చునే రోజులేవీ? మీలో ఎవరికైనా ఇలా చెప్పకుండా మిగిలిపోయిన సారీ ఉంటే కింద రాయండి... నాకూ కాస్త తోడుగా ఉంటుంది.