ముళ్లకంప కింద నీళ్ల గుర్తు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మదనపల్లె దగ్గర అంగళ్లులో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఏది జరిగినా దానికో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం వెతికి వెతికి ఓడిపోయాను.

మాది కురబలకోట. నాన్న గొర్రెల మనిషి. ఎండాకాలంలో మందను తోలుకుని ఎంత దూరమైనా పోయేవాడు. ఎక్కడ నీళ్లున్నాయో తెలియక ఒక ఏడు సగం మందను పోగొట్టుకున్నాడు. ఆ ఏడు ఆయన మొహం నేను మరచిపోలేదు.

అందుకే ఒక యాప్ తయారు చేశాను. నీళ్లు కనబడిన చోట నిలబడి ఫోన్‌లో గుర్తు పెట్టి, రెండు మాటలు రికార్డు చేస్తే చాలు. చదువు రానివాళ్లు కూడా నొక్కి వినొచ్చు.

యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ముందు పన్నెండు మంది రెండు వారాలు వాడి చూడాలన్నారు. నాన్న స్నేహితులనే అడిగాను. కుప్పం దగ్గర గొర్రెలు కాసే మునియప్ప వాళ్లలో పెద్దవాడు. పుంగనూరులో ఫోన్లు బాగుచేసే మస్తాన్ భాయ్ అందరి ఫోన్లలోనూ యాప్ ఎక్కించి, తనూ ఒకడిగా చేరాడు.

పదో రోజు ఉదయం మదనపల్లెలో నేనుండే ఇంట్లో కూర్చుని మ్యాప్ తెరిచాను. పుంగనూరు అవతల ఒక గుట్ట పక్కన కొత్త గుర్తు ఉంది. పెట్టినవాళ్ల పేరు దగ్గర ఖాళీ. పేరు లేకుండా గుర్తు పడనే పడదు, ఆ కోడ్ రాసింది నేనే. నొక్కితే ఒక ఆడమనిషి గొంతు. వెనకాల గొర్రెల మెడగంటలు.

"ఈడ నీళ్లుండాయి నాయనా. రాయి జరిపి సూడండి."

మా పన్నెండు మందిలో ఆడవాళ్లు లేరు. ఎక్కడో తప్పు దొర్లిందనుకుని తీసేశాను. మర్నాడు పొద్దున చూస్తే అదే చోట, అదే గొంతు. సర్వర్ అంతా గాలించాను. అది ఏ ఫోన్ నుంచీ రాలేదు.

మస్తాన్ భాయ్‌ని వెళ్లి చూడమన్నాను. అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "ఈడ ఏముండాదమ్మా, అంతా ముళ్లకంపే."

మధ్యాహ్నం మునియప్ప ఫోన్ చేశాడు. ఆయనా ఆ గుర్తు నొక్కి విన్నాడట.

"ఆ గొంతు యాడిదమ్మా నీకు?"

"తెలీదు మామా. యాల అడుగుతుండావు?"

"అది మాయమ్మ గొంతు. గంగమ్మ. నాకు పదేండ్లప్పుడు పోయింది."

వాళ్లింట్లో అప్పటికి రేడియో కూడా లేదు. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఇక రికార్డింగ్ మాటేమిటి?

మర్నాడు ఆయన తొలి బస్సుకే పుంగనూరు వచ్చేశాడు. ముగ్గురం కలిసి వెళ్లాం. మస్తాన్ భాయ్ కొడవలితో కంప నరికాడు. సరిగ్గా గుర్తు ఉన్నచోట, జానెడు మట్టి కింద ఒక బండ తగిలింది. గడ్డపార పెట్టి ముగ్గురం పట్టి జరిపాం.

లోపలి నుంచి చల్లని గాలి మా మొహాలకు తగిలింది. రాతి మెట్లు. అడుగున నీళ్లు, మా ముగ్గురి నీడలూ కనబడేంత తేటగా.

మస్తాన్ భాయ్ "యా అల్లా" అన్నాడు, అంతే. నాకు భయం వేయలేదు. గుడిలోకి అడుగుపెట్టినట్టనిపించి చెప్పులు విడిచాను.

మునియప్ప మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు పట్టుకుని అట్లే కూర్చున్నాడు. "చిన్నప్పుడు ఈ దావన వచ్చినామో లేదో నాకు గుర్తే లేదమ్మా. ఆమె మాత్రం మర్సిపోలా" అన్నాడు.

రెండు వారాలు పూర్తయ్యాయి. పరీక్ష కోసం పెట్టిన గుర్తులన్నీ చెరిపేసి యాప్‌ను స్టోర్‌కు పంపాలి. అన్నీ చెరిపాను. ఆ ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. అలాగే పంపాను. నాలుగు రోజులకు స్టోర్ వాళ్లు ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ దారిన మందలు తోలేవాళ్లు ఆ బావి దగ్గర ఆగుతున్నారు. ఆ గొంతు ఎవరిదని నన్ను అడుగుతారు. మునియప్ప వాళ్లమ్మదని చెప్తాను. ఎప్పుడు రికార్డు చేశారంటే మాత్రం, ఆ గుర్తు నొక్కి మళ్లీ ఒకసారి వినిపిస్తాను.