కాస్త రొద తగ్గనీ

మా అన్నయ్యకు లారీలకూ కార్లకూ హారన్లు బిగించే దుకాణం ఉంది. వీధిలో అందరూ మోతగారు అంటారు. తను బిగించిన హారన్ మోగితే చెవిటివాడు కూడా పక్కకు తప్పుకుంటాడని గొప్పలు పోతాడు. అంతటి మహానుభావుడికి, రోడ్డుకు అటువైపు దుకాణంలో కూర్చున్న సొంత తమ్ముడితో మాట్లాడటానికి మాత్రం గొంతు పెగలదు.

గొడవ పెద్దదేమీ కాదు. తమ్ముడు ఒకప్పుడు అన్నయ్య దగ్గరే పనిచేసేవాడు. ఒకరోజు ఎవరి కారులోనో వైరు తప్పుగా కలిసి హారన్ కాలిపోయింది. "నువ్వు దేనికీ పనికిరావురా, పో!" అని నలుగురి ముందూ అరిచాడు అన్నయ్య. వాడు పోయి, రోడ్డు దాటి కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. ఆ వైరు కలిపింది తనేనని అన్నయ్యకు సాయంత్రానికే గుర్తొచ్చింది.

ఇక చూడాలి ఆయన అవస్థ! పొద్దున్నే "ఇవాళ వాడికి చెప్పేస్తానే" అంటాడు. మధ్యాహ్నానికి "తప్పు నాదే అనుకో, అయినా పెద్దవాణ్ణి కదా" అంటాడు. సాయంత్రానికి తలనొప్పి మాత్ర వేసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

"పోనీ ఫోన్ చెయ్యకూడదూ?" అంటే, "ఈ బస్సుల గోలలో ఏం వినబడుతుందే? కాస్త రొద తగ్గనీ, తీరిగ్గా మాట్లాడతా" అంటాడు. రొద అమ్ముకుని బతికే మనిషి ఆ మాట అనడానికి కొంచెం సిగ్గుండాలి.

తమ్ముడు ఓసారి నాతో అన్నాడు. "అక్కా, అన్నయ్య రోజూ నాకేదో టైప్ చేస్తుంటాడు. ఫోన్‌లో చుక్కలు కదులుతాయి. చూస్తూ కూర్చుంటా. ఏదీ రాదు."

చివరికి మురుగు గొట్టాల కోసం రోడ్డంతా తవ్వేశారు. బళ్ళు ఆగిపోయాయి. బేరాల్లేక తమ్ముడు ఊరికి ఆ చివర దుకాణం చూసుకున్నాడు. వాడు సామాను తోపుడు బండిలోకి ఎక్కిస్తుంటే నేను అన్నయ్య దగ్గరకు పరుగెత్తాను.

"ఇప్పుడైనా వెళ్ళు అన్నయ్యా. వాడు మళ్ళీ ఇటు రాడు."

అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. వీధిలో చడీచప్పుడూ లేదు. తమ్ముడు చూసి, చేతిలో పెట్టె కింద పెట్టి నిలబడ్డాడు. "ఒరే..." అన్నాడు అన్నయ్య.

అంతలో చటుక్కున వెనక్కి తిరిగి బల్ల మీది హారన్ నొక్కాడు. వీధి దద్దరిల్లింది.

"ఏమన్నావు అన్నయ్యా?" తమ్ముడు గట్టిగా అడిగాడు.

"ఏం లేదు! హారన్ చూస్తున్నా!"

వాడు పెట్టె ఎత్తుకున్నాడు. బండి మలుపు తిరిగేదాకా ఈయన హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"చూశావుటే వాడి తొందర?" అన్నాడు అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొక్క నిమిషం ఆగితే చెప్పేసేవాణ్ణి."