అడగడం నేర్చుకోవడానికి మిర్యాలగూడ దాకా

సూర్యాపేటలో నేను నర్సుగా పనిచేసే ప్రైవేటు దవాఖానకు ఆ ఎండాకాలం ముగ్గురు ఆడవాళ్లు దెబ్బలతో వచ్చారు. ఒకామెది తుంగతుర్తి పక్క పల్లె, ఒకామెది తిరుమలగిరి, మూడో ఆమె మా ఊరి చివరి వాడలోనే ఉంటుంది. ఒకరికొకరు తెలియదు. ఏమైందని అడిగితే ముగ్గురూ ఒకటే చెప్పారు: "బాయి కాడ జారిపడ్డ." ముగ్గురూ బావి దగ్గరే పడ్డారట. మాటే కాదు, గొంతు కూడా ఒకటే. మూడోసారి విన్నప్పుడు, పేజీ తిప్పినా మళ్లీ అదే పేజీ వచ్చినట్టనిపించింది.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలిందంతా మా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ప్రథమ చికిత్స, ఎముకలు, గాయాలు, అక్కడి వైద్యం బీరువాలో నేను తెరవని పుస్తకం లేదు. కమిలిన చర్మం నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు ఎలా మారుతుందో అడిగినవాళ్లకు చెప్పగలను. ఆ ముగ్గురినీ ఎట్లా అడగాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

అప్పుడే కోదాడ నుంచి మేరీ కబురు పంపింది. తనూ నర్సే, నా స్నేహితురాలు. మిర్యాలగూడలో ఒక రిటైరైన డాక్టరమ్మ, ఇంట్లో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్లను ఎలా చూసుకోవాలో నర్సులకు, కాంపౌండర్లకు ఒక రోజు క్లాసు చెప్తున్నారట. తొంభైల మొదట్లో మా వైపు అలాంటి క్లాసు ఉందంటేనే వింత. ఆదివారం పొద్దున ఆరింటి బస్సెక్కాను.

కోదాడలో దిగేసరికి మేరీ ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉంది. "తొందరగా తినెయ్ అక్కా, ఆ బస్సులో కూర్చోడానికే చోటుండదు, ఇంక తినడానికేం ఉంటుంది" అంది. అదృష్టం కొద్దీ ఆడవాళ్ల సీట్లలో ఇద్దరికీ చోటు దొరికింది, ముందొకరికి, వెనకొకరికి.

హుజూర్‌నగర్‌లో ఒక జంట ఎక్కింది. ఆమెకు పాతికేళ్లుంటాయి. ఎడమ చేయి మోచేతి నుంచి వాచి, పాత చీర ముక్కతో కట్టు కట్టి ఉంది. నా పక్కన కూర్చుంది. అతను వెనకే నిలబడి మా సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"ఏమైంది సెల్లె?" అన్నాను.

"బాయి కాడ జారిపడ్డది" అన్నాడతను.

ఆమె ముందుకే చూస్తూ, "బాయి కాడ జారిపడ్డ" అంది. అదే తూగు, అదే విరుపు. గొంతు వెనక నుంచి వచ్చి ఆమె నోట్లో మోగినట్టుంది.

అతను మర్యాదస్తుడు. నాకు పల్లీలు ఇచ్చాడు. "మిర్యాలగూడ పెద్ద దవాఖానల సూపిస్త. పెండ్లాం కంటె ఎక్కువెవరక్క నాకు" అన్నాడు. ఆమె పల్లీలు ముట్టలేదు.

పదింటికి మిర్యాలగూడ చేరాం. రైస్ మిల్లుల మీద నుంచి ఊక బూడిద చప్పుడు లేకుండా రాలుతోంది. జుట్టు మీద, భుజాల మీద, రోడ్డు పక్క పడుకున్న కుక్క మీద. క్లాసు ఒక బడి గదిలో. డాక్టరమ్మ ఇంగ్లీషు పుస్తకం నుంచి తానే తెలుగు చేసి, సైక్లోస్టైల్ తీయించిన కాగితాలు పంచారు. మనిషి బొమ్మ ముందూ వెనకా గీసి ఉంది. గాయం ఎక్కడుందో దాని మీద గుర్తు పెట్టాలి, ఆమె మాటలు ఆమె అన్నట్టే రాయాలి. కమిలిన రంగుల గురించి అడిగితే నేనే ముందు చెప్పాను.

"బాగుంది, గాయం తెలుసు నీకు. ఇప్పుడు మనిషి దగ్గరికి రా" అని నన్ను కుర్చీలో పేషెంటుగా కూర్చోబెట్టారు. మేరీ భర్త వేషం. లేని మీసం మెలేసి, "ఏందే, బువ్వ వండకుండ గీడ కూసున్నవ్" అంటే అందరూ నవ్వారు. తర్వాత నా వెనకకు వచ్చి కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడింది. అంతే.

డాక్టరు వేషం వేసిన కాంపౌండరు, "ఏమైందమ్మా?" అని అడిగాడు.

చెప్పడానికి వేరే జవాబు అనుకుని ఉన్నాను. నా నోరు మాత్రం, "బాయి కాడ జారిపడ్డ" అంది. గొంతు నాది కాదు. ఎవరూ నవ్వలేదు.

"ఎవ్వరూ నేర్పరు. ఆ కుర్చీలో కూర్చుంటే వస్తది" అన్నారు డాక్టరమ్మ. "అందుకే ముందు వెనకున్న మనిషిని పంపాలె, తర్వాతే అడగాలె. చెప్పింది బయటికి పోదని మాటియ్యి. ఎందుకు పడుతున్నవని అడగకు. ఏం చెయ్యాల్నో నువ్వు తేల్చకు. ఇయ్యాల ఇంటికి పోతే భయమున్నదా అని మాత్రం అడగకుండ పంపకు."

సాయంత్రం ఐదింటి బస్సులో ఆ జంట మళ్లీ కనిపించింది. ఆమె చేతికి కొత్త సిమెంటు కట్టు. నా పక్క సీటు చూపించాను. మేరీ చప్పున వెనక సీట్లో కూర్చుని, "ఇదీ లేడీసే అన్నా, నువ్వు వెనక్కెళ్లు" అంది. అతను వెళ్లాడు. నేరేడుచర్లలో బస్సు ఆగితే టీకి దిగాడు.

"సెల్లె, నేను నర్సును. ఏం చెప్పినా నాతోనే ఉంటది. ఇయ్యాల ఇంటికి పోతే భయమున్నదా?"

"బాయి కాడ..." అని ఆగింది. కిటికీలోంచి టీ కొట్టు వైపు చూసింది. "మాకు బాయి ఎక్కడిదక్క? బోరింగు నీళ్లే" అంది. ఆ గొంతు పొద్దుటిది కాదు. బొంగురుగా, ఎన్నాళ్లుగానో వాడనట్టు ఉంది. "కోదాడల మా అన్న ఉంటడు" అంది మళ్లీ.

"పోతవా?"

అంతలో అతను టీ తాగి వెనక ఎక్కాడు. బస్సు కదిలింది.

హుజూర్‌నగర్‌లో అతను ముందుకొచ్చి, "దిగు" అన్నాడు.

"నేను దిగ. అన్న కాడికి పోత."

గంప ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె తల తిప్పకుండానే, "పోనియ్యి బిడ్డ, అన్న ఇంటికే గద" అంది. ఆడవాళ్లందరూ అతన్నే చూస్తున్నారు. "దిగేటోళ్లు దిగుండ్రి" అన్నాడు కండక్టరు. అతను నవ్వి, దిగి, చుట్టూ తిరిగి మా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఊచ మీద చెయ్యి వేసి చాలా నెమ్మదిగా, "రేపొస్త" అన్నాడు. బస్సు కదిలినా ఆ చెయ్యి కొంతదూరం ఊచ మీదే ఉంది.

కోదాడలో వాళ్ల అన్న ఇల్లు బస్టాండుకు దగ్గరే. నడుస్తుంటే ఆమె మాట్లాడింది, ఆగకుండా. అన్న తలుపు తీసి చేయి చూశాడు, ఏమీ అడగకుండా చాప పరిచాడు. ఆ రాత్రికి, రేపు అతను వచ్చే వేళకూ తోడుంటానని మేరీ అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కదాన్నే సూర్యాపేట బస్సెక్కాను.

మావైపు నర్సులెవరైనా అలాంటి క్లాసు ఉందని వింటే తప్పక వెళ్లండి, ఆదివారం పోతుందని చూడకండి. ఈ మాత్రం రాయడానికి, ఆ రోజు అన్న ఇంటికి చేరిన ఆమె ఒప్పుకుంది. దారిలో ఆమె చెప్పింది మాత్రం రాయను. అది నాతోనే ఉంటుందని చెప్పాను.