టీచరుగారు దిద్దని పుస్తకం

మా లెక్కల టీచరుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. అప్పుడు నేను కడియంలో మా నర్సరీ దగ్గర లారీకి మొక్కలెక్కిస్తున్నాను. చేసింది వాళ్ళమ్మాయి. "అమ్మ ఇందాకే వెళ్ళిపోయిందండీ. పెద్దగా బాధపడలేదు" అంది. నేను "అలాగేనండి" అన్నాను. చావు కబురు చెప్పినా అలాగేనండి అనే మనుషులం మేము. ఫోన్ పెట్టేశాక మందార మొక్కల వరస పక్కన కూలబడి ఏడ్చాను. లారీ డ్రైవరు ఏ కుండీ పగిలిందో అనుకుని కంగారుపడ్డాడు.

ఆవిడ రోజూ రాజమండ్రి నుంచి బస్సులో మా హైస్కూలుకి వచ్చేవారు. తొంభైల నాటి మాట. పొట్టి మనిషి. బోర్డు పైభాగానికి చెయ్యి అందేది కాదు కాబట్టి ఆ సగం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. "అది మీరు రాయడానికి వదిలానర్రా, ఎదిగే పిల్లలు కదా" అనేవారు. ఖాళీ పౌడరు డబ్బాలో సుద్దముక్కలు తెచ్చుకునేవారు. ఆ సుద్ద చేత్తోనే జామకాయ కొరికేవారు. మేం నవ్వితే, "ఎముకలకి మంచిదిలే, మీ పని మీరు చూసుకోండి" అని ఇంకో ముక్క కొరికేవారు.

"అర్థమైందా?" అని మాత్రం మా క్లాసులో ఎన్నడూ అడగలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగారట. పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైందండీ" అన్నారట. మర్నాడు పరీక్ష పెడితే సగం మందికి సున్నాలు. "మన గోదావరి వాళ్ళకి ఎదుటి మనిషిని నొప్పించడం చేతకాదు. పాపం టీచరు అంతసేపు గొంతు చించుకుంది, తెలియలేదంటే చిన్నబుచ్చుకుంటుందని తెలిసిందనేస్తారు. ఆ మర్యాదేదో పెళ్ళి భోజనాల దగ్గర చూపించండి. లెక్కల దగ్గరొద్దు" అనేవారు.

అందుకే శనివారం పుస్తకం పెట్టించారు. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆవిడ పాఠం చెప్పరు. అప్పటిదాకా అయిన పాఠాల పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన మా అంతట మేమే మూడు మాటల్లో ఒకటి రాసుకోవాలి. అసలు తెలియకపోతే పిందె. సాయం ఉంటే చేయగలిగితే కాయ. ఇంకొకరికి చెప్పగలిగితే పండు. పెన్సిలుతోనే రాయాలి. "పిందె అని రాసినంత మాత్రాన అది ఎప్పటికీ పిందెగానే ఉండిపోదు కదా, వారం వారం చెరిపి మార్చుకోవాలి" అనేవారు. ఆ పుస్తకం ఆవిడ చూసేవారు గానీ ఎర్రసిరా పెట్టేవారు కాదు. ఎవరి పుస్తకంలో వాళ్ళే రాయాలి, వాళ్ళే మార్చాలి.

నేను పదో తరగతికి వచ్చేసరికి నా పుస్తకం నిండా పిందెలే. మా అమ్మ నర్సరీలో సంచులకి మట్టి నింపే పనికి వెళ్ళేది. నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు. "ఇదిగో, పాసైతే కాలేజీ. తప్పితే మీ అమ్మతో పాటు సంచులే. రెండోసారి పరీక్షకి కట్టించే ఓపిక నాకు లేదు." నాన్న మంచివాడే, కానీ అన్న మాట మీద నిలబడతాడు. అది నా భయం.

ఆ ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక స్కూలుకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. క్లాసు లీడరుని నేనే. నాకో గొప్ప ఆలోచన తట్టింది. ఇన్‌స్పెక్టరుగారు ఈ పుస్తకాలు తీసి చూస్తే, ఇన్ని పిందెలేంటి, ఈవిడకి చెప్పడం రాదనుకోరూ? మధ్యాహ్నం అన్నాల బెల్లులో తలుపు దగ్గరకి వేసి, ఒక రబ్బరుని నాలుగు ముక్కలు చేసి పంచాను. బెల్లు మోగేలోపు క్లాసంతా పండ్లతోట అయిపోయింది.

ఆయన వచ్చి సరిగ్గా నా పుస్తకమే తీశారు. "బహుపదులు, పండు. ఏదమ్మా, బోర్డు మీద ఒకటి చెయ్యి" అన్నారు. బోర్డు పైసగంలో మొదలుపెట్టాను. రెండో వరసకే చెయ్యి ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? పండు అని రాసుందే" అన్నారాయన.

టీచరుగారు నా పుస్తకం అందుకుని, రబ్బరు రుద్దిన చోట వేలితో తడిమి చూశారు. "పొద్దున్నటిదాకా కాదండి. నా పరువు కోసం ఒక్కపూటలో మగ్గబెట్టేశారు" అన్నారు. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకుని పక్క క్లాసుకి వెళ్ళిపోయారు.

దెబ్బలు ఖాయమనుకున్నాం. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. క్లాసులో ఆవిడ కూర్చోవడం చూడటం అదే మొదటిసారి. "నా మీద ప్రేమతోనే చేశారు, తెలుసు. కానీ చెరిపేసిన చోట ఏముండేదో నేనెక్కడా రాసి పెట్టుకోలేదర్రా. అది మీకే తెలుసు. మళ్ళీ మీరే రాయాలి" అన్నారు. ఒక్క దెబ్బ వేసినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఆ సాయంత్రం మళ్ళీ రాశాను. పదకొండు పిందెలు. అన్నీ ఒకేసారి చూసుకునేసరికి ఏడుపు ఆగలేదు. పుస్తకం ఇచ్చి, "నేను తప్పుతానండి టీచర్" అన్నాను.

ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టారు. "మొన్నటిదాకా నీకు లెక్కలు రావన్నావు. ఇవాళ పదకొండు రావంటున్నావు. ఎంత తగ్గిందో చూశావా తల్లీ?"

తర్వాత, చేస్తూ చేస్తూ ఎక్కడ ఆగిపోతున్నానో అక్కడ చుక్క పెట్టుకుని రమ్మన్నారు. వారం తిరిగేసరికి సంగతి బయటపడింది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలని నాకు ఏడో తరగతి నుంచీ తెలియదు. మూడేళ్ళుగా అడిగిన ప్రతి వాళ్ళకీ అర్థమైందండి అంటూ వచ్చాను. ఆ ఒక్కటీ పట్టుబడ్డాక నాలుగు పిందెలు వాటంతటవే కాయలయ్యాయి. మార్చిలో గట్టెక్కాను. నలభై ఏడు మార్కులు. నాన్న టీ కొట్టు దగ్గర అందరికీ యాభై అని చెప్పుకున్నాడు.

కాలేజీ చదివి, తిరిగి తిరిగి మళ్ళీ మొక్కల దగ్గరకే వచ్చాను, కాకపోతే సొంత నర్సరీతో. ఇప్పటికీ శనివారం మడుల వెంట తిరిగి, ఏ అంటు అతికింది, ఏది వాడింది, నేను చేసిన పొరపాటేంటో రాసుకుంటాను. మా పనివాళ్ళని అడిగితే "అన్నీ అతికాయండి" అంటారు మరి.

పోయినేడాది టీచరుగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళితే మంచం మీద కూర్చుని ఒక నోటుపుస్తకంలో ఎడంచేత్తో అక్షరాలు దిద్దుకుంటున్నారు. అ ఆ అనుకోవాలి గానీ అవి కోడి కెలికినట్టున్నాయి. "చాలా బాగా వస్తున్నాయండి టీచర్" అన్నాను. ఆవిడ మాట ముద్దగా ఉంది. సగం పెదవితోనే నవ్వి ఒక్క మాటన్నారు. "మర్యాద."

మంగళవారం నేను వెళ్ళేసరికి జనం ఇంకా రాలేదు. వాళ్ళమ్మాయి ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వారం వారం రాసుకున్నారు. అక్షరాలు, పిందె. గుణింతాలు, పిందె. కొన్నాళ్ళకి అక్షరాలు, కాయ. ఆఖరి శనివారం తన పేరు ఇంటిపేరుతో సహా రాసుకున్నారు. ఎవరైనా చదవగలిగేలా ఉంది. పక్కన కాయ అని ఉంది.

"చూడండి, ఎంత చక్కగా రాసిందో. పండు అని రాసుకోవచ్చుగా. మీరైనా మార్చండి, అమ్మ సంతోషిస్తుంది" అంటూ పెన్సిలూ రబ్బరూ నా చేతికిచ్చింది.

నాకూ మార్చాలనే ఉంది. రబ్బరు ఆ మాట దాకా తీసుకెళ్ళాను కూడా.

"వద్దండి" అన్నాను.

పెన్సిలు పుస్తకంలోనే పెట్టి మూయబోతూ మళ్ళీ చూశాను. పేరులో చివరి అక్షరం గీత మీద నిలవక కొంచెం కిందికి జారింది. దాని కింద, వచ్చే శనివారం కోసం గీతలు కొట్టి ఉంచుకున్నారు.