చీటీలత్త చేజారిన చీటీ

సందు చివర మేడమెట్ల కింద గదిలో కుట్టుపని చేసే ఆవిడను అందరూ చీటీలత్త అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఎవరు బట్ట తెచ్చినా ఒక అట్టముక్క మీద రెండు చోట్ల ఒకే అంకె వేసి మధ్యకు చింపుతుంది. ఒక సగాన్ని బట్టకు గుండుసూదితో గుచ్చి, రెండో సగాన్ని తెచ్చినవాళ్ల చేతిలో పెడుతుంది. ఆ సగం చూపిస్తేనే బట్ట. ముప్ఫై ఏళ్ల పరిచయమున్నా ఇంతే. ఒకసారి సొంత అల్లుడే ప్యాంటు కోసం వచ్చి, "చీటీ ఎక్కడో పోయిందత్తయ్యా" అన్నాడు. "వెతుక్కో నాయనా, ప్యాంటుకి కాళ్లున్నా పారిపోదులే" అని వెనక్కి పంపింది. అల్లుడు ఆ రోజు పాత ప్యాంటుతోనే ఆఫీసుకు వెళ్లాడు.

ఆవిడకున్న రెండో నియమం నోటికి సంబంధించింది. ఒకరి కొలత ఇంకొకరి చెవిన వేయదు. నడుము పెరిగినవాళ్లు, ఒక భుజం కిందకు వాలినవాళ్లు, ఆపరేషన్ తర్వాత ఒక వైపు లోపల మెత్త పెట్టి కుట్టించుకునేవాళ్లు, అందరి అంకెలూ ఆవిడ కొలతల పుస్తకంలో ఉన్నాయి. ఎదురింటామె ఎన్నిసార్లు కూపీ లాగినా, "టేపు చుట్టినంతసేపే కొలతమ్మా, తర్వాత అది నా కడుపులోకి పోతుంది" అని సూదిలో దారం ఎక్కించుకుంటుంది.

ఆ పుస్తకం అంచులు చిరిగి ఊడిపోతుంటే, పోయినేడు కూతురు ప్రతి పేజీనీ తల్లి ఫోన్‌తోనే ఫోటో తీసిపెట్టింది. అలా ముప్ఫై ఏళ్లుగా కడుపులో దాచుకున్నదంతా ఫోన్‌లోకి చేరింది. చీటీలత్త ఆ సంగతి దాదాపు మర్చిపోయింది. గుర్తుచేసినవాడు మంచివాడు కాడు.

ఆ రోజు మనవరాలికి జ్వరం. నాలుగేళ్ల పిల్ల దుప్పటి చుట్టుకుని మిషను పక్కన పడుకుని కుందేలు బొమ్మలు కావాలని మారాం చేస్తోంది. కూతురు ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, సాయంత్రం దాకా రాదు. చీటీలత్త టీవీ పెట్టింది. టీవీ వెనక బొటనవేలంత స్టిక్ ఒకటి ఉంటుంది, బొమ్మలన్నీ అందులోంచే వస్తాయి. ఆ వేళ బొమ్మలు రాలేదు. మళ్లీ లాగిన్ కావాలని రాసి, కింద ఆరు అక్షరాల కోడ్ ఒకటి వచ్చింది.

కోడ్ చూడగానే ఆవిడకు తన అట్టముక్క గుర్తొచ్చింది. ఇది సగం చీటీ. రెండో సగం కంపెనీవాడి దగ్గర ఉంటుంది. ఈ సగం చూపిస్తే వాడు బొమ్మలు వదులుతాడు. ఆవిడ లెక్క ఆవిడకు సరిపోయింది. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి, "టీవీ కోడ్ అడుగుతోంది, కంపెనీ నంబరు" అంది. అన్నిటికంటే పైన వచ్చిన నంబరుకు ఫోన్ చేసింది.

ఒక్క రింగుకే ఎత్తారు. అప్పుడే అనుమానం రావలసింది. ఏ కంపెనీ ఒక్క రింగుకు ఎత్తుతుంది?

"చెప్పండి మేడమ్, మీకెలా సాయపడగలను?" గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"బాబూ, టీవీలో చీటీ వచ్చింది. చదవమంటావా?"

"చదవండి మేడమ్." చదివింది. అతను కాసేపు కీబోర్డు టకటకలాడించి నిట్టూర్చాడు. "అయ్యో మేడమ్, మీ ఖాతాలో దొంగలు పడ్డారు. ఐదు ఊళ్ల నుంచి చూస్తున్నారు. మీ నంబరు చెప్పండి. ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, అది కూడా చెప్తే తాళం మారుస్తాను."

కోడ్ వచ్చింది. ఎవరికీ చెప్పవద్దని దాని కిందే రాసి ఉంది. కానీ అద్దాలు మిషను మీద ఉన్నాయి, మనవరాలు కొంగు లాగుతోంది. అంకెల వరకూ చదివి చెప్పేసింది.

"వెరీ గుడ్ మేడమ్. మీలాంటి తెలివైనవాళ్లు అరుదు. ఇక ఒక్కటే పని. నేను చెప్పే యాప్ వేసుకోండి. తొమ్మిది అంకెలు కనిపిస్తాయి. అవి చెప్తే మీ ఫోన్ నా దగ్గర తెరుచుకుంటుంది, లోపలున్న దొంగల్ని ఏరేస్తాను."

యాప్ వేసుకుంది. అంకెలు వచ్చాయి. "నాలుగు," అంది. "ఏడు... ఒకటి..."

అక్కడ నాలుక ఆగిపోయింది. ఫోన్ నా దగ్గర తెరుచుకుంటుంది అన్నాడు కదా! చీటీ ఎవరి చేతిలో ఉంటే బట్ట వాళ్లది. మరి ఇక్కడ బట్ట ఏది? ఫోన్. ఫోన్‌లో ఏముంది? పేజీలు. ముప్ఫై ఆరో పేజీలో సందు మొదట్లో ఉండే టీచరమ్మ కొలతలు, ఎడమ వైపు మెత్త ఎంత మందం పెట్టాలో తన చేత్తో రాసుకున్న వరస. ఆ సంగతి టీచరమ్మ తోడబుట్టినవాళ్లకు కూడా తెలియదు.

"మేడమ్? తొందరగా చెప్పండి. రెండు నిమిషాల్లో ఖాతా మూతపడుతుంది."

"తొందరపడి కత్తెర పెట్టినవాడెవడూ బాగుపడలేదు బాబూ," అంది చీటీలత్త. "బట్ట నాది. చీటీ నీకెందుకు?"

"బట్టేంటి మేడమ్?"

"అదే అడుగుతున్నాను. నాది నాకివ్వడానికి నా చీటీ నీ చేతికెందుకు?"

తేనె గొంతు ఒక్కసారిగా గరుకైంది. "ఏయ్ ముసలమ్మా, చెప్పింది చెయ్! లేకపోతే నీ ఫోన్ మొత్తం..." ఆ తర్వాత మాటలు ఆవిడ వినలేదు. ఎర్ర గుర్తు నొక్కేసింది.

కూతురికి చెప్పాలి. చెబితే తిడుతుంది. పోయిన నెలే కదా, తెలియని లింకు నొక్కావని గంటసేపు క్లాసు పీకింది. రెండు నిమిషాలు మిషను పెడలు మీద కాలు పెట్టి ఊరికే కూర్చుంది. వెధవ సిగ్గు నాది, పరువు పోయేది టీచరమ్మది అనుకుని ఫోన్ చేసింది.

కూతురు అరవలేదు. రక్తం గొట్టాల మీద పేర్లు సరిచూసుకునేటప్పుడు మాట్లాడే గొంతుతో మాట్లాడింది. "ఫోన్‌కి నెట్ ఆపెయ్. ఆపావా? ఇప్పుడా యాప్ తీసెయ్. వాడికి ఎన్ని అంకెలు చెప్పావు?"

"మూడు."

"తొమ్మిదిలో మూడేనా? దాంతో వాడికి తలుపు తెరుచుకోదమ్మా. ఊపిరి పీల్చుకో."

"కానీ అంతకుముందు వచ్చిన కోడ్ మొత్తం చెప్పేశానే."

"సరే. ఆ టీవీ ఖాతాకి నా మెయిల్ కూడా ఇచ్చి పెట్టాను. ఇక్కణ్ణుంచే మారుస్తాను."

టీ విరామంలో కూతురు మూడు పనులు చేసింది. మెయిల్ ద్వారా ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. అన్ని పరికరాల్లోంచీ బయటకు పంపే బటన్ నొక్కింది. తమవి కాని రెండు టీవీలు అప్పటికే ఆ ఖాతాలో కూర్చుని ఉన్నాయి, అవీ వెళ్లిపోయాయి. ఆ ఖాతాకు జతచేసిన తన బ్యాంకు కార్డు వెనక అచ్చువేసిన నంబరుకే ఫోన్ చేసి కార్డు ఆపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చి పిల్ల నుదురు తాకి చూసి, తల్లి పక్కన కూర్చుంది.

"తిట్టవేంటే?" అంది చీటీలత్త. "తిడతావని పొద్దుట్నుంచీ తయారై కూర్చున్నాను."

"తిడితే ఈసారి జరిగినప్పుడు నాకు చెప్పవు. పోయిన నెల తిట్టి తప్పు చేశాను. ఈ రోజు నాకు చెప్పడానికి నువ్వు జంకావంటే అది నా పుణ్యమే."

"అయితే చెప్పు. నా లెక్క ఎక్కడ తప్పింది? చీటీ సగం టీవీలో ఉంది. రెండో సగం కంపెనీవాడి దగ్గరే కదా?"

కూతురు నవ్వింది. "అక్కడే తప్పింది. రెండు సగాలూ మనవేనమ్మా. టీవీలో వచ్చిన కోడ్‌ని మన ఫోన్‌లో, మన యాప్ తెరిచి, మన చేత్తో కొడతాం. మధ్యలో మనిషే ఉండడు. కోడ్ చదివి వినిపించమన్నవాడు ఎవడైనా సరే, బట్ట కోసం వచ్చిన దొంగే. వెతికితే పైన కనపడే నంబరు కంపెనీదే అని కూడా ఏం లేదు. డబ్బిచ్చి బోర్డు పెట్టుకోవచ్చు."

"రెండు సగాలూ మనవే," అని చీటీలత్త మెల్లగా అనుకుంది. ఫోన్‌కి మళ్లీ నెట్ పెట్టి, టీవీలో కొత్తగా వచ్చిన ఆరు అక్షరాలూ తనే ఫోన్‌లో కొట్టింది. కుందేలు టీవీలోకి గెంతింది. మనవరాలు దుప్పట్లోంచి చప్పట్లు కొట్టింది.

అక్కడితో అయిపోయిందని అల్లుడు అన్నాడు. "ఏమీ పోలేదు కదత్తయ్యా. ఊళ్లోవాళ్లకు చెప్పడమెందుకు? కొలతలివ్వడానికి భయపడతారు."

"పుస్తకం నాది బాబూ. కొలతలు నావి కాదు."

వారం రోజులు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని కొలతలన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించుకుంది. ఫోన్‌లోని ఫోటోలు ఒక్కొక్కటే తీసేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎదురింటామె, "అమ్మో, నా నడుము పేపర్లో పడేదే!" అని గుండెలు బాదుకుంది. "పడితే పేజీ చాలదులే" అంది చీటీలత్త. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

టీచరమ్మ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఆమె తన ఉద్యోగ విరమణ సభకు జాకెట్టు కుట్టించుకోవడానికి బట్ట తెచ్చింది. చీటీలత్త తలుపు వేసి, చింపని అట్టముక్క చేతిలో పట్టుకుని అంతా చెప్పింది. ముప్ఫై ఆరో పేజీ సంగతీ చెప్పింది. "నీది బయటకు పోలేదమ్మా. కానీ పోయేదే. వేరే టైలర్ దగ్గరకు వెళ్తానన్నా నేను తప్పుపట్టను."

టీచరమ్మ సంచిలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "పోయిన నెల నాకూ ఒకడు ఫోన్ చేశాడత్తా. కోడ్ చెప్పేశాను. అప్పట్నుంచి నా టీవీ ఖాతాలో ఎవరో పొద్దస్తమానం కుస్తీ పోటీలు చూస్తున్నారు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఎవరితో చెప్పుకోను?"

చీటీలత్త అద్దాలు పెట్టుకుంది. కూతురు తన ఫోన్‌లో చూపించిన చోటును ఆ ఫోన్‌లో వెతికి పట్టుకుంది. "పాస్‌వర్డ్ నువ్వే కొట్టు, నేను అటు తిరుగుతాను" అని గోడ వైపు తిరిగి నిలబడింది. అయ్యాక, అందరినీ బయటకు పంపే బటన్ టీచరమ్మ వేలితోనే నొక్కించింది. కుస్తీవాళ్లు దిగిపోయారు.

"ఇంతేనా?" అంది టీచరమ్మ.

"ఇంతే. ఇంకో కోడ్ వస్తే ఎవరికీ చదవకు. రెండు సగాలూ నీవే."

టీచరమ్మ ఫోన్ సంచిలో వేసుకుంది. లేచి గది మధ్యకు వచ్చి, రెండు చేతులూ పక్కలకు ఎత్తి నిలబడింది.

"కొలత తీసుకో అత్తా. కొంచెం లావయ్యాను."

చీటీలత్త టేపు చుట్టింది, అంకె చూసింది, కొత్త పుస్తకంలో రాసుకుంది.

"ఎంతొచ్చింది?"

"నీకైతే చెప్తాను," అని టీచరమ్మ చెవి దగ్గరకు వంగింది చీటీలత్త.